తలవైపు పచ్చ పొట్లం

సింగపూర్ బెడోక్‌లో వసుంధరకి పొద్దు ఐదున్నరకి మొదలయ్యేది. లేవగానే హాల్లో గోడ క్యాలెండరులోంచి నిన్నటి కాగితం చింపేది. అది తైవాన్ క్యాలెండరు. రోజుకో కాగితం, పైన పెద్ద అంకె, కింద ఆ రోజు ఏ పని చెయ్యొచ్చో ఏది కూడదో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన పంచాంగానికి అది దూరపు చుట్టమని ఆమె నమ్మకం. ప్రయాణానికి మంచిదని ఉన్న రోజు కాగితాన్ని చింపేసి, నాలుగు మడతలు పెట్టి కందిపప్పు డబ్బా కిందికి తోసేది, మొగుడి కంట పడకుండా. శశికాంత్‌కి ఆ అక్షరాలు ఒక్కటీ రావు. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా.

తర్వాత కుక్కరు. అదీ తైవాన్‌దే. చదువు ముగించుకుని ఊరెళ్లిపోతూ ఒక తైవాన్ అమ్మాయి ఇచ్చేసి పోయింది. బయటి గిన్నెలో గ్లాసుడు నీళ్లు పోసి మీట నొక్కితే, ఆ నీళ్లు ఆవిరైపోగానే మీట టక్కున పైకి లేస్తుంది. అక్కడివాళ్లు అందులో చేపలు ఉడికిస్తారని పుస్తకాల్లో చదివింది. వసుంధర ఇడ్లీలు పెట్టేది. కుక్కరు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

ఇంతా చేసి ఆమె తైవాన్ మొహం చూసింది లేదు. రేపల్లెలో పుట్టి, గుంటూరులో ఎం.సి.ఏ. చదివి, పెళ్లయి సింగపూర్ వచ్చి, ఓడల కంపెనీ ఒకదాంట్లో మెషిన్ రూమ్ ఆపరేటరుగా చేరింది. ఏ కంటెయినరు ఏ ఓడలో ఉందో చెప్పే మెషిన్లవి, షిన్‌చూ అనే తైవాన్ ఊళ్లో తయారైనవి. నెలకో రెణ్ణెల్లకో అక్కణ్ణుంచి విడిభాగాలతో అట్టపెట్టె వచ్చేది. పంపే మనిషి పేరు లిన్ మేడమ్. ఫోన్లో గొంతు తప్ప మనిషి ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. పెట్టెలో ఖాళీ కనిపిస్తే ఆవిడకి తోచదు. ఫ్యాను పక్కన ఇంత చోటుంటే టీ పొట్లం, కేబుళ్ల మధ్యన అనాస కేకులు, అడుగున పెద్ద పెద్ద ఎర్రపూల గుడ్డ, అన్నిటికీ పైన పిల్లల బొమ్మల పుస్తకాలు కుక్కి పంపేది.

ఆ పుస్తకాల్లో ప్రతి అక్షరం పక్కనా దాన్నెలా పలకాలో చెప్పే చిన్న గుర్తులుంటాయి. సింగపూర్ చైనీసు వాళ్లకే అవి రావు, వాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో నేర్చుకున్నారు. వసుంధర మాత్రం గుణింతం దిద్దినట్టు దిద్ది ముప్పై ఏడు గుర్తులూ పట్టేసింది. ఆ తర్వాత ఆగలేదు. ఆదివారాలు బ్రాస్ బసాలో పాత పుస్తకాల కొట్లకి పోయి తైవాన్ వంటల పుస్తకాలు, మూడో తరగతి వాచకాలు, చివరికి తైపే సిటీ బస్సుల పట్టిక కూడా కొనుక్కొచ్చింది. అక్కడ చెత్తబండి పాట పాడుకుంటూ వస్తుందనీ, వీధి వీధంతా సంచులతో దానికోసం నిలబడుతుందనీ ఆమెకి తెలుసు. కొట్లో ఇచ్చిన బిల్లు మీద లాటరీ నంబరుంటుందనీ, అందుకే ఎవరూ పారెయ్యరనీ తెలుసు. ఊరు కదలకుండా ఊరు చూడటంలో ఆమెకి గొప్ప సుఖం ఉండేది. కదలడమంటే అప్పటికే మొహం మొత్తిపోయింది.

మొహం మొత్తించినవాడు శశికాంత్. మంచివాడు, ఒక్క చెడ్డ అలవాటు లేదు, కాకపోతే కాలు నిలవదు. కంప్యూటరు వచ్చినవాణ్ణి కంపెనీలు చెయ్యిపట్టి లాక్కుపోతున్న రోజులు కదా, నాలుగేళ్లలో నాలుగు ఉద్యోగాలు మారాడు. ఉద్యోగం మారినప్పుడల్లా ఇల్లు మారేవాడు. జురాంగ్ వెస్ట్‌లో రెండు ఫ్లాట్లు, పాసిర్ రిస్‌లో ఒకటి, ఇప్పుడు బెడోక్. విప్పని పెట్టెలు విప్పకుండానే ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వచ్చేవి. అన్నం తింటూ బల్ల కింద మోకాలు ఊపుతుంటే గ్లాసులు గలగలమనేవి. బస్సు నచ్చక మధ్యలో దిగి ఇంకో బస్సెక్కేవాడు. కింది అంతస్తు కోటేశ్వరి ఆంటీ, తాతల కాలం నుంచీ సింగపూర్‌లోనే ఉన్న మనిషి, ఆయన్ని చూసినప్పుడల్లా నవ్వేది. "మీ ఆయనకి ఎప్పుడూ జాలన్-జాలనే. ఇంట్లో ఉన్నప్పుడు కూడా వాకింగ్ పోతున్నట్టే ఉంటాడమ్మా" అనేది.

ఇక పచ్చ పొట్లాల సంగతి. లిన్ మేడమ్ పెట్టెలో వేరే ఏవి ఉన్నా లేకపోయినా ఇవి మాత్రం తప్పక ఉండేవి. మొక్కజొన్న పిండితో చేసిన, కొబ్బరి వాసనొచ్చే చిరుతిండి. పొట్లం మీద చైనీసులో 'బుద్ధిగా ఉండు' అనే పేరుంటుంది. దాన్ని మెషిన్ నెత్తిన పెడితే మెషిన్ బుద్ధిగా ఉంటుంది, అంతే. నియమాలు లిన్ మేడమ్ మొదటిరోజే ఫోన్లో చెప్పింది. ఆకుపచ్చదే పెట్టాలి, పసుపుదీ ఎర్రదీ పనికిరావు. డేటు దాటకముందే మార్చాలి. తినకూడదు. దేవుడి ముందు పెట్టకముందు ఎంగిలి చెయ్యకూడదు, మన ఇళ్లల్లోనూ అంతేగా అనుకుంది వసుంధర.

మెషిన్ రూమ్‌లో ఆమెతోపాటు పనిచేసే బీ లెంగ్ పదకొండు మెషిన్లకీ పదకొండు పొట్లాలు పెట్టి, గడువు దగ్గరపడ్డప్పుడు మార్చేది. తొంభై తొమ్మిది డిసెంబరు ఆఖర్న ప్రపంచంలో కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని అందరూ గుండెలు చేత్తో పట్టుకుంటే, ఆ పదకొండూ కిక్కురుమనలేదు. బెడోక్ బ్లాకులో లిఫ్టు ఆరుకీ ఏడుకీ మధ్య ఆగిపోతోందని కోటేశ్వరి ఆంటీ ఒక పొట్లం అడిగి తీసుకుని, బటన్ల పైన టేపుతో అంటించింది. ఆ రోజునుంచీ లిఫ్టు ఆగలేదు. బాగుచెయ్యడానికొచ్చిన మనిషి పొట్లం చూసి, డేటు చూసి, సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు.

రెండువేల సంవత్సరం మార్చిలో శశికాంత్‌కి ఆక్లాండ్ నుంచి ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. రెండు నెలల్లో చేరాలి. ఆయన దాన్ని బల్లమీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, న్యూజిలాండ్‌లో గాలి ఎంత బాగుంటుందో నిలబడే చెప్పాడు. కూతురు దీక్షిత అప్పుడే ప్రైమరీ వన్‌లో చేరి మూణ్ణెల్లయింది. అంతకుముందు మూడు కిండర్‌గార్టెన్లు మారిన పిల్ల. స్కూల్లో ఎవరైనా ఫ్రెండయ్యారా అని వసుంధర అడిగితే, బూట్లు విప్పుకుంటూ తలెత్తకుండా చెప్పింది. "ఫర్ వాట్, మమ్మీ? వీ గోయింగ్ ఆఫ్ ఎనీవే."

ఏడేళ్ల పిల్ల అంత తాపీగా ఆ మాటనడం వసుంధర భరించలేకపోయింది. ఏడిచినా బాగుండేదనిపించింది. మర్నాడు మెషిన్ రూమ్‌లో మిగిలిన పొట్లాల్లోంచి ఒకటి హ్యాండ్‌బ్యాగులో వేసుకొచ్చింది. పడకగదిలో శశికాంత్ తలవైపు బీరువా ఉంది. స్టూలెక్కి, సరిగ్గా ఆయన దిండుకి పైన, అంచున, పేరు ముందుకి కనబడేట్టు పెట్టింది. వెనకమాల అచ్చేసిన డేటు అక్టోబరు ఏడు.

పొద్దున శశికాంత్ ఇడ్లీ కూర్చుని తిన్నాడు. గ్లాసుల చప్పుడు లేదు. వారం తిరక్కుండా ఆక్లాండ్‌కి రాలేనని మర్యాదగా రాసి పడేశాడు. ఎందుకని వసుంధర అడగలేదు. నెల తిరిగేసరికి పాసిర్ రిస్ నుంచి అలాగే వచ్చిన పెట్టెలు ఒక్కొక్కటే విప్పి, అందులో పెళ్లికిచ్చిన గోడగడియారం ఉంటే తగిలించాడు. కారిడార్లో కుండీలో కరివేపాకు మొక్క పెట్టాడు. సాయంత్రం దానికి నీళ్లు పోసి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆఫీసులో ప్రమోషన్ ఇస్తామని వేరే బిల్డింగుకి వెళ్లమంటే, ఉన్నచోటే బాగుందన్నాడు. దీక్షితకి జూన్ నెలకి హుయ్ మిన్ అనే స్నేహితురాలు దొరికింది. వాళ్లిద్దరూ హాల్లో నేలమీద పడుకుని తైవాన్ బొమ్మల పుస్తకాలు చూస్తుంటే, వసుంధరకి కడుపు నిండినట్టుండేది.

ఆ ఏడాదిలోనే లిన్ మేడమ్ రెండుసార్లు అడిగింది. షిన్‌చూలో తమ కంపెనీకి మెషిన్లు వాడి తెలిసిన మనిషి కావాలనీ, ఎనిమిది నెలల పననీ, నువ్వొస్తే బాగుంటుందనీ. వసుంధర రెండుసార్లూ నవ్వేసి వద్దంది. తనకి కావలసిన తైవాన్ పెట్టెలో వస్తూనే ఉంది, దానికోసం విమానమెక్కడం దేనికి అనుకుంది. ఇల్లు నిలబడింది. మొగుడు కుదురుకున్నాడు. పిల్లకి స్నేహితురాలుంది. మనిషికి ఇంకేం కావాలి?

దసరా అక్టోబరు ఏడునే వచ్చింది, శనివారం. ముందురోజు ఆయుధ పూజకి మెషిన్ రూమ్‌లో వసుంధర కీబోర్డులకి బొట్లు పెట్టింది. బీ లెంగ్ పాత పొట్లాలు తీసి కొత్తవి పెట్టి, పాతవాటిని కట్టలుగా కట్టి బయట చెత్తడబ్బాలో వేసి చేతులు కడుక్కుంది. వసుంధర మనసు చివుక్కుమంది. ఇన్ని నెలలూ మెషిన్లని కాచిన వస్తువుని చెత్తలో వెయ్యడం ఏం న్యాయం అనుకుంది గానీ, ఆఫీసు వ్యవహారం కదా అని ఊరుకుంది.

ఇంట్లో మాత్రం ఆమె ఇష్టం. పండగ పూజయ్యాక స్టూలెక్కి, శశికాంత్ తలవైపు కొత్త పొట్లం పెట్టి పాతది దించింది. ఏడు నెలల నైవేద్యం. చెత్త చూట్‌లో వెయ్యడానికి చెయ్యి రాలేదు. దీక్షితకి పెడదామంటే ఇవాళ్టితో డేటు ఆఖరు. ఇంట్లో పారెయ్యలేనివీ పిల్లకి పెట్టలేనివీ ఎవరి కడుపులోకి పోతాయో మన అమ్మలందరికీ తెలుసు. వంటింటి గట్టుకి చేరగిలబడి, కళ్లకద్దుకుని, పొట్లం చింపి మొత్తం తినేసింది. కొబ్బరి వాసన బాగానే ఉంది. కొంచెం మెత్తబడ్డాయి. నోట్లో వేసుకుంటే కరిగిపోతున్నాయి.

సాయంత్రానికి ఆమె కాలు ఊగడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకుంది. చెయ్యి వదలగానే మళ్లీ ఊగింది. ఆదివారం పుస్తకం తీస్తే మొదటి పేజీలోనే ఆగిపోయింది. బొమ్మలో చెత్తబండి ఉంది, పిల్లలున్నారు, సందు చివర మలుపుంది. ఆ మలుపు తిరిగితే ఏముంటుందో పుస్తకంలో లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాని చిరాకొచ్చింది. సోమవారం బస్సు సిగ్నల్ దగ్గర ఆగితే ఓపిక పట్టలేక మూడు స్టాపుల ముందే దిగి నడిచింది. మంగళవారం గోడ క్యాలెండరులో నిన్నటి కాగితంతోపాటు ఇవాళ్టిదీ రేపటిదీ చింపేసింది.

మెషిన్ రూమ్‌లో బీ లెంగ్ ఆమె మోకాలి వంక కాసేపు చూసి, కంగారేం లేకుండా అడిగింది. "యూ ఈట్ హూస్ ప్యాకెట్?"

వసుంధర షిన్‌చూకి ఫోన్ చేసింది. లిన్ మేడమ్ ఎవరి నెత్తిన పెట్టావు, ఎన్నాళ్లుంచావు అని ఒక్కొక్కటే అడిగింది. తర్వాత విడమరిచి చెప్పింది. పొట్లం అల్లరిని పోగొట్టదు, పీల్చి లోపల దాచుకుంటుంది. అందుకే మార్చాలి, అందుకే పారెయ్యాలి. నువ్వు తిన్నది చిరుతిండి కాదు, ఏడు నెలల నీ మొగుడు. ఎన్నాళ్లకి తగ్గుతుందని వసుంధర అడిగితే, ఎవరికి తెలుసు, మా దేశంలో ఎవరూ తినలేదుగా అంది. ఆ ఎనిమిది నెలల పనికి ఇంకా మనిషి దొరకలేదని ఆవిడ ఊరికే అన్నమాటకి, వాక్యం పూర్తికాకముందే వసుంధర నోట్లోంచి వస్తానన్న మాట ఊడిపడింది.

ఫోన్ పెట్టేసి పదకొండు మెషిన్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది. భయం ఒకపక్క, ఎగిరి గంతెయ్యాలన్న సంబరం ఒకపక్క. అన్నిటికంటే ఎక్కువగా ఆమెని కుదిపింది వేరే సంగతి. కూర్చున్నచోట కూర్చోలేని మనిషికి ఇంట్లోవాళ్ల మీద ప్రేమ ఉండదని ఆమె ఇన్నాళ్లూ లోలోపల అనుకుంటూ వచ్చింది. ఇప్పుడదే తన కడుపులో ఉంటే తెలిసింది. దీక్షిత మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. శశికాంత్ మీద పోలేదు. కాళ్లు వెళ్దామంటున్నాయి, ప్రేమ దాని చోట అది ఉంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకోవట్లేదు. ఆయన నాలుగిళ్లు మారినప్పుడూ ఇలాగే ఉండేదన్నమాట. ఆమెకి చెప్పలేనంత సిగ్గేసింది.

పదిరోజులకి అట్టపెట్టె వచ్చింది. అందులో ఒక పచ్చ పొట్లం మీద లిన్ మేడమ్ వసుంధర పేరు రాసి పంపింది. కావాలంటే పెట్టుకో, వద్దంటే విమానం టికెట్టు పంపిస్తాను అని చీటీ. ఆ సాయంత్రం దీక్షిత హుయ్ మిన్ వాళ్లింటికి ఆడుకోవడానికి వెళ్లింది. వసుంధర పొట్లం, చీటీ తెచ్చి భోజనాల బల్లమీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. శశికాంత్ మొక్కకి నీళ్లు పోసి వచ్చి కూర్చుని, పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నన్నడక్కుండా పెట్టావు వసూ," అన్నాడు. "నేను అడుగుతున్నా. నీకు పెట్టమంటావా?"

"మీకు తెలుసా?" అంది.

"పడుకుని కళ్లు పైకెత్తితే కనపడుతుంది. లిఫ్టులో రోజూ చూసేదేగా, తెలియకేం?"

"మరి తీసెయ్యలేదేమండీ?"

"తియ్యాలనిపించలేదు. అదేగా దాని పని." పొట్లం బల్లమీద పెట్టేశాడు. "ఆక్లాండ్ నాకు ఇష్టం లేక మానలేదు. ఆ ఇష్టం ఎటు పోయిందో తెలీలేదు. నీమీద కోపం రావాలి నాకు. రావాలని తెలుస్తూనే ఉంది. అదీ రావట్లేదు."

తిట్టినా ఆమెకి అంత నొప్పి పుట్టేది కాదు. లేచి, గబగబా పడకగదిలోకి పోయి, స్టూలెక్కి, బీరువా మీది పొట్లం తీసుకొచ్చి బల్లమీద ఆయన ముందు పెట్టింది. ఇప్పుడు కోప్పడండి అంది.

నిమిషం పట్టింది. ముందు మోకాలు కదిలింది. గ్లాసులు గలగలమన్నాయి. శశికాంత్ లేచి నిలబడ్డాడు. హాల్లో ఆ గోడనుంచి ఈ గోడకి నాలుగుసార్లు తిరిగాడు. తర్వాత ఏడు నెలల కోపం ఒక్కసారే వచ్చింది. నేను నీకు మెషిన్‌లా కనపడ్డానా అన్నాడు. నాతో దెబ్బలాడితే సరిపోయేది కదా, ఏడవచ్చు, అలగచ్చు, పుట్టింటికి పోతానని బెదిరించచ్చు, మనుషులు చేసే పని ఒక్కటైనా చెయ్యొచ్చు కదా అన్నాడు. వసుంధర ప్రతిదానికీ తలూపింది. అన్నీ నిజమే. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూనే బూట్లు తొడుక్కుని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె బల్ల దగ్గరే కూర్చుంది. ఎదురుగా రెండు పొట్లాలు. మోకాలు ఊగుతూనే ఉంది. లేచి వెనకే పరిగెత్తాలనుంది, ఇంకోవైపు సూట్‌కేసు దించాలనుంది, కూర్చోవడం మాత్రం ఒంటికి పడటం లేదు. అయినా కూర్చుంది. ఆయన రాకపోతే దీక్షితకి ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా ఆమెకి తోచలేదు.

గంటకి శశికాంత్ తిరిగొచ్చాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది. వెనకే దీక్షిత. బస్సెక్కి టాంపినీస్ దాకా వెళ్లాడట, అక్కడ ఇంకో బస్సెక్కాడట, అది ఎక్కడికి పోతుందో కూడా చూడకుండా. మధ్యలో పిల్లని ఆరున్నరకి తీసుకొస్తానన్న మాట గుర్తొచ్చి దిగాడట. అదంతా నిలబడే చెప్పాడు. దీక్షిత లోపలికి వెళ్లి, హుయ్ మిన్ ఇచ్చిన స్టిక్కర్లు మంచం మీద పరుచుకుని లెక్కపెట్టుకుంటోంది. ఆ లెక్క బయటికి వినపడుతోంది.

శశికాంత్ తన పొట్లం తీసుకుని డేటు చూశాడు. పడకగదిలోకి వెళ్లి, స్టూలు కూడా అక్కర్లేకుండా, చెయ్యి చాచి బీరువా మీద పెట్టాడు. వసుంధర గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏంటండీ ఇది?"

"పిల్లకి ఇక్కడ స్కూలుంది. ఒకళ్లం కుదురుగా ఉండాలి కదా. ఈసారి నేనే పెట్టుకుంటున్నా." గొంతు అప్పుడే నెమ్మదిస్తోంది. అది పూర్తిగా నెమ్మదించేలోపే చెప్పెయ్యాలన్నట్టు తొందరగా అన్నాడు. "నువ్వెళ్లిరా. వెళ్లకుండా ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

వసుంధర గట్టిగా ఏడ్చింది. ఆయన పక్కనే కూర్చున్నాడు, కాళ్లు రెండూ నేలమీద ఆనించి. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, డేటు దాటితే ఎవరు మారుస్తారని అడిగింది.

"నేనే మార్చుకుంటాను. నీ పేరు రాసింది ఉందిగా, నువ్వెలాగూ పెట్టుకోవు. దాన్ని నాకు వదిలేసి వెళ్లు," అన్నాడు.

నవంబరు మూడో ఆదివారం పొద్దున ఆమె బయల్దేరింది. శశికాంత్ సూట్‌కేసు లిఫ్టు దాకా మోసుకొచ్చాడు. ఎయిర్‌పోర్టుకి రావాలనిపించడం లేదని చెప్పి క్షమించమన్నాడు. దీక్షిత ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి, అమ్మ ఎప్పుడొస్తుందని నాన్ననే అడిగింది. ఎనిమిది నెలలన్నాడు. అప్పటికి మనం ఈ ఇంట్లోనే ఉంటామా అని అడిగింది. ఉంటాం అన్నాడు శశికాంత్. పిల్ల ఆ మాట నమ్మింది. వసుంధర లిఫ్టులోకి అడుగుపెట్టి కిందికి వెళ్లే బటన్ నొక్కింది.